అరగ్లాసు నీళ్లు, ఒక మనిషి బరువు

వార్షికోత్సవ సంచికకు పూర్వ విద్యార్థుల తరఫున ఏదైనా రాయమని వార్డెన్ గారు కబురు పంపారు. మా 2004 పదో తరగతి బ్యాచ్‌లో ఏడుగురం ఒక ఆదివారం కూర్చుని ఏం రాద్దామా అని ఆలోచించాం. నీళ్ల చారు గురించి, ట్రంకు పెట్టెల తాళాల గురించి, స్టడీ అవర్‌లో కునికిపాట్ల గురించి మాకంటే ముందు బ్యాచ్‌లవాళ్లు పాత సంచికల్లో మాకంటే బాగా రాసేశారు. అందుకని మేము హాస్టల్‌లో నేర్చుకున్న ఒక్క పాఠం గురించి రాస్తున్నాం. అది బరువులు ఎత్తే పాఠం.

ఈ పాఠమే ఎందుకంటే, మాలో ఎక్కువమందిమి బరువులు మోసే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం. ఒకడి నాన్న మిర్చి యార్డులో ముఠా కూలీ. ఒకడి నాన్న రైసు మిల్లు దగ్గర బస్తాలు మోసేవాడు. ఒకడి అమ్మ తాపీ మేస్త్రీల వెంట ఇటుకలు, సిమెంటు తట్టలు అందించేది. ధాన్యం బస్తా అంటే మా చిన్నప్పుడు 75 కిలోలు. ఆ బస్తాను ఇద్దరు పట్టి వీపు మీదికి ఎత్తితే, మూడో మనిషి వంగి లారీ చెక్క మీదుగా నడిచి వెళ్లేవాడు. బరువు అంటే ఏమిటో పుస్తకంలో చదవకముందే మాకు తెలుసు. సాయంత్రం నాన్న గోడకు వీపు ఆనించి కూర్చునే తీరులో అది కనిపించేది.

తొమ్మిదో తరగతిలో సైన్స్ మాస్టారు పాస్కల్ నియమం చెప్పారు. బంధించి ఉన్న ద్రవం మీద ఒకచోట కలిగించిన పీడనం తగ్గకుండా అన్ని వైపులకూ సమానంగా వెళుతుంది. ఇంతే నియమం. మేము అందరిలాగే బట్టీ పట్టాం. మాస్టారు మాత్రం ఊరుకోలేదు. "మీలో ఒకణ్ణి నీళ్లతో పైకి ఎత్తి చూపించండిరా, అప్పుడు ఒప్పుకుంటాను" అన్నారు. మండల సైన్స్ ఫెయిర్‌కు అదే మా మోడల్ అయింది.

సామాను ఎక్కడిదో చెబితే మీకు నవ్వొస్తుంది. వేడినీళ్ల రబ్బరు సంచి మాలో ఒకడి నాన్నది. మిర్చి టిక్కీలు మోసి నడుం పట్టేస్తే కాపడం పెట్టుకోవడానికి మందుల షాపులో కొనుక్కున్నది. తాపీ మేస్త్రీలు గోడల మట్టం చూసే లెవెల్ పైపు ఇంకొకడి ఇంటి నుంచి వచ్చింది. పీట వంటగదిలోది, కుక్ గారు ఇచ్చారు. సంచి మూతికి బెరడు బిరడా పెట్టి, దానికి బెజ్జం చేసి, పైపు దూర్చి, సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కట్టింది మా కామాటి గారు. ఆయన చేతి కట్టు ఒక్క చుక్క కూడా కారలేదు.

సంచి నిండా గాలి లేకుండా నీళ్లు పోసి నేల మీద పడుకోబెట్టాం. దాని మీద పీట. పీట మీద 38 కిలోల మా లీడర్. తూలకుండా ఒక వేలు మాత్రం గోడకు ఆనించాడు. మాలో అందరికంటే చిన్నవాడు మెట్లెక్కి, పైపు చివరను సంచికి రెండు మీటర్ల ఎత్తున పట్టుకుని, గరాటు పెట్టి గ్లాసుతో నీళ్లు పోశాడు. లీడర్ లేచాడు. ఎక్కువేం కాదు, బొటనవేలి మందం. కానీ లేచాడు. వాచ్‌మన్ గారు కూడా వచ్చి ఒకసారి ఎక్కి చూశారు. ఆయన్ని లేపడానికి పైపును ఇంకా పైమెట్టుకు తీసుకెళ్లాల్సి వచ్చింది.

ఇప్పుడు లెక్క చూడండి తమ్ముళ్లూ. పది మీటర్ల ఎత్తు నీళ్లు అడుగున ప్రతి చదరపు సెంటీమీటరు మీద దాదాపు ఒక కిలో బరువుతో నొక్కుతాయి. రెండు మీటర్లయితే 200 గ్రాములు. పైపు సన్నదా, లావుదా అన్నదానితో పని లేదు. ఎత్తు ఒక్కటే లెక్క. ఆ 200 గ్రాముల పీడనం సంచి లోపల ప్రతి చదరపు సెంటీమీటరుకూ అంతే ఉంటుంది. పీటకు ఆనుకున్న భాగం 190 చదరపు సెంటీమీటర్లు అనుకోండి, అంటే మన నోటు పుస్తకం పేజీలో సగానికి కాస్త ఎక్కువ. 190ని 200తో గుణిస్తే 38,000 గ్రాములు. మా లీడర్ బరువు సరిగ్గా అంతే.

మమ్మల్ని ఆశ్చర్యపరిచింది వేరే లెక్క. ఆ పైపు లోపలి వ్యాసం 6 మిల్లీమీటర్లు. రెండు మీటర్ల పైపులో పట్టే నీళ్లు సుమారు 56 మిల్లీలీటర్లు, అరగ్లాసు కూడా కాదు. అరగ్లాసు నీళ్లు ఒక మనిషిని మోస్తున్నాయి! ద్రవాల్లోని ఈ వింతను 1586లోనే సైమన్ స్టెవిన్ అనే ఆయన పుస్తకంలో రాశాడని మాస్టారు చెప్పారు. పాస్కల్ పుట్టింది 1623లో. ఆయన 39 ఏళ్లకే చనిపోయాడు. ద్రవాల గురించి రాసిన గ్రంథం ఆయన పోయాక 1663లో అచ్చయింది. ఒక పాత్రకు రెండు ముషలకాలు బిగించి, ఒకదాని వైశాల్యం రెండోదానికి వంద రెట్లు ఉండేలా చేస్తే, చిన్నదాన్ని తోసే ఒక్క మనిషి పెద్దదాన్ని తోసే వందమందికి సమానమని ఆయన అందులో రాశాడు.

ఆ ఆదివారం సంచి గల నాన్న కొడుకుని చూడటానికి హాస్టల్‌కు వచ్చాడు. మేము గొప్పగా మోడల్ ఆడించి చూపించాం. అరగ్లాసు సంగతీ చెప్పాం. ఆయన అంతా విని, తలెత్తి మెట్ల వైపు చూసి, "అయితే ఆ నీళ్లు పైకి ఎవరు మోశార్రా అబ్బాయ్?" అన్నాడు.

మేము నవ్వాం. మాస్టారు నవ్వలేదు. "పాఠం మొత్తం ఆ ప్రశ్నలోనే ఉంది" అని బోర్డు మీద ఇంకో లెక్క వేశారు. 190 చదరపు సెంటీమీటర్ల సంచి రెండు సెంటీమీటర్లు లేవాలంటే లోపలికి 380 మిల్లీలీటర్లు వెళ్లాలి. ఆ నీళ్లను రెండు మీటర్ల ఎత్తుకు మోసింది మెట్ల మీది పిల్లవాడు. 0.38 కిలోలు ఇంటూ రెండు మీటర్లు 0.76. ఇటు 38 కిలోలు ఇంటూ 0.02 మీటర్లు కూడా 0.76. అటూ ఇటూ పని ఒక్కటే. నీళ్లు దేన్నీ ఉచితంగా ఇవ్వలేదు. ఒకేసారి ఎత్తలేని బరువును గ్లాసు గ్లాసుగా ఎత్తగలిగేలా పంచి పెట్టాయి. అంతే. జీవితమంతా మోసిన మనిషి కాబట్టి బరువు మాయం కాదని, ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు మోసే ఉంటారని ఆయనకు చప్పున తట్టింది.

నియమం 1663లో అచ్చయితే, దాంతో పనికొచ్చే యంత్రం రావడానికి 130 ఏళ్లకు పైగా పట్టింది. ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా 1795లో హైడ్రాలిక్ ప్రెస్‌కు పేటెంటు తీసుకున్నాడు. ఆయన రైతు కొడుకు. చిన్నతనంలో కాలికి దెబ్బ తగిలి పొలం పనికి పనికిరాడని వడ్రంగంలో పెట్టారు. ఆయన దగ్గర పనిచేసిన హెన్రీ మాడ్‌స్లే కథ ఇంకా మనకు దగ్గరగా ఉంటుంది. 12 ఏళ్లకే ఆయుధ కర్మాగారంలో తూటాల్లో మందు కూరే పనికి వెళ్లాడు. మన వాళ్లలో ఆ వయసుకు పనికి వెళ్లినవాళ్లు ఎంతమంది లేరు!

బ్రామా ప్రెస్‌కు పెద్ద చిక్కు ఒకటుండేది. పీడనం పెరిగేకొద్దీ ముషలకం పక్కనుంచి నీళ్లు చిమ్మేవి. బిగించి కడితే ముషలకం కదిలేది కాదు, వదులు చేస్తే కారేది. దీనికి మందు ఒక తోలు ముక్క. తోలును గిన్నె అంచులా మడిచి లోపల అమర్చారు. నీళ్ల పీడనమే ఆ అంచును గోడకు అదుముతుంది. పీడనం ఎంత పెరిగితే అంత గట్టిగా అంటుకుంటుంది. పీడనం తీసేస్తే వదులవుతుంది, ముషలకం హాయిగా వెనక్కి వస్తుంది. ఆ ఉపాయం మాడ్‌స్లేదేనని అంటారు. అంత పనివాడైన మాడ్‌స్లే వారానికి 30 షిల్లింగుల కూలి చాలడంలేదు, పెంచమని అడిగితే బ్రామా ఒప్పుకోలేదు. 1797లో మాడ్‌స్లే బయటికి వచ్చి సొంత దుకాణం పెట్టుకున్నాడు. తర్వాత లోకంలో పేరున్న యంత్ర నిర్మాతల్లో ఒకడయ్యాడు.

ఈ తోలు సంగతి చదివినప్పుడు మేము కాసేపు ఆగిపోయాం. మన హాస్టల్‌లో తోలు పని తెలిసిన ఇళ్ల పిల్లలు ఎప్పుడూ ఉన్నారు. మోట బావుల కాలంలో నీళ్లు తోడే తోలు బానలు కుట్టింది మన తాతలే. నీళ్లు కారకుండా తోలు కుట్టడం ఎంత విద్యో వాళ్లకు తెలుసు. ఆ విద్యను ఊళ్లో ఎవరూ విద్య అనలేదు. ఇంగ్లండులో మాత్రం ఒక తోలు అంచు ఇంజనీరింగ్ పుస్తకాలకెక్కింది. ఇప్పుడు తోలు బదులు రబ్బరు సీళ్లు వాడుతున్నారు. సూత్రం మాత్రం అదే. మాలో ఒకడు పొక్లెయిన్ల మెకానిక్. సీలు మార్చిన ప్రతిసారీ తాత గుర్తొస్తాడని వాడంటాడు.

ఇప్పుడు లారీ కింద పెట్టే జాకీ చూడండి. చిన్న ముషలకం ఒక సెంటీమీటరు వ్యాసం, పెద్దది అయిదు సెంటీమీటర్లు అనుకుందాం. వైశాల్యాల తేడా 25 రెట్లు. రాడ్డు పొడవు వల్ల మన చేతి బలం ఇంకో 15 రెట్లవుతుంది. రెండూ కలిపితే 375 రెట్లు. 20 కిలోల బలంతో రాడ్డు నొక్కితే, రాపిడి సంగతి పక్కన పెడితే, ఏడున్నర టన్నులు లేస్తాయి. మరి దీనికి ధర ఏమిటి? చిన్న ముషలకం రెండున్నర సెంటీమీటర్లు దిగితే లారీ లేచేది ఒక్క మిల్లీమీటరు. వందసార్లు కొడితే పది సెంటీమీటర్లు. జాకీ కొట్టే క్లీనరు కుర్రాడు చెమటలు కక్కేది అందుకే. ట్రాక్టరు వెనక నాగలిని ఎత్తే లిఫ్టు, టిప్పరు తొట్టిని లేపే సిలిండరు, పొక్లెయిను చెయ్యి, అన్నీ ఈ కుటుంబానివే. ట్రాక్టరుకు హైడ్రాలిక్ లిఫ్టును జతచేసి పేరు తెచ్చుకున్న హ్యారీ ఫెర్గూసన్ కూడా ఐర్లండు రైతు కొడుకే. మన పొలాల్లో తిరిగే మాస్సీ ట్రాక్టరు పేరులో రెండో సగం ఆయనదే. పోలవరం స్పిల్‌వేకు బిగించిన 48 గేట్లను ఎత్తి దించేవి కూడా హైడ్రాలిక్ సిలిండర్లే.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకుండా ముందుకు వెళ్లలేం. వేల్స్ దేశంలో మెనాయ్ జలసంధి మీద రాబర్ట్ స్టీఫెన్‌సన్ బ్రిటానియా రైలు వంతెన కట్టాడు. దానికి ఇనుప గొట్టాల్లాంటి భాగాలు, ఒక్కొక్కటి 1,500 టన్నులకు పైగా బరువున్నవి, నీటి మట్టం నుంచి దాదాపు వంద అడుగుల ఎత్తుకు లేపాలి. 1849లో హైడ్రాలిక్ ప్రెస్‌లతో ఆరేసి అడుగుల చొప్పున ఎత్తారు. గొట్టం లేచేకొద్దీ దాని కింద వెంట వెంటనే కట్టుబడి చేస్తూ రావాలని స్టీఫెన్‌సన్ పట్టుబట్టాడు. ఆగస్టు 17న ప్రెస్ అడుగు పగిలిపోయింది. ఊడిన ఇనుప ముక్క తగిలి ఒక పనివాడు చనిపోయాడు. గొట్టం మాత్రం కొన్ని అంగుళాలే దిగి కింది కట్టుబడి మీద ఆగింది. ఆ ఆధారం లేకపోతే ఇంకెంతమంది పోయేవారో. మరుసటి ఏడు 1850లో వంతెన మీద రైళ్లు తిరిగాయి.

ఈ సంగతి ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నామంటే, మా హాస్టల్‌లో మాకంటే రెండేళ్లు పెద్ద అన్న ఒకాయన టిప్పరు మీద పనిచేసేవాడు. లేపిన తొట్టి కింద ఆధారం రాడ్డు పెట్టకుండా రిపేరు చేయమని యజమాని తొందరపెట్టాడు. నూనె గొట్టం తెగింది, తొట్టి దిగింది. అన్న బతికాడు గానీ కుడి చెయ్యి పనికిరాకుండా పోయింది. పరిహారం కోసం రెండేళ్లు తిరిగాడు. చివరికి వచ్చింది ఆసుపత్రి ఖర్చులకు కూడా చాలలేదు. కాబట్టి తమ్ముళ్లూ, మీలో ఎవరైనా రేపు గ్యారేజీలో చేరినా, డ్రైవరైనా, ఇంజనీరై పదిమంది చేత పనిచేయించినా ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. జాకీ ఎత్తడానికే గానీ నిలబెట్టడానికి కాదు. కింద దిమ్మె పెట్టకుండా ఎవరూ దూరకూడదు, ఎవరినీ దూరమనకూడదు. ఓనరు తిట్టినా సరే.

నీళ్లతో బరువెత్తే పద్ధతుల్లో మాకు బాగా నచ్చింది కెనడాలోని పీటర్‌బరో పడవల లిఫ్టు. 1904లో మొదలైంది. రెండు పెద్ద నీళ్ల తొట్లు, ఒక్కో తొట్టి కింద ఒక్కో పెద్ద ముషలకం, ఆ రెండు సిలిండర్లనూ కలుపుతూ ఒక గొట్టం. తొట్లలో నీళ్ల మీద పడవలు తేలుతుంటాయి. పై తొట్టిలోకి ఒక్క అడుగు నీళ్లు ఎక్కువ వదులుతారు. అది బరువెక్కి కిందికి దిగుతుంది. దాని కింది నీళ్లు రెండో సిలిండరులోకి తోసుకువెళ్లి కింది తొట్టిని పడవలతో సహా దాదాపు 20 మీటర్లు లేపుతాయి. తొట్టిలో పడవ ఉన్నా లేకపోయినా బరువు ఒక్కటే, ఎందుకంటే పడవ తన బరువంత నీటిని బయటికి నెట్టేసి లోపలికి వస్తుంది. దించేది ఒక అడుగు నీళ్లు, మోసేది నది. మెట్ల మీద గ్లాసు పట్టుకున్న పిల్లవాడి పని అక్కడ నదే చేస్తుంది.

ఇక మా ఏడుగురిలో తేలని ఒక మాట ఉంది. దాన్ని కూడా దాచకుండా రాస్తున్నాం. మాలో ఒకడు గోడౌన్‌లో ముఠాలో పనిచేస్తున్నాడు. కొన్నేళ్ల కిందట ఆ గోడౌన్‌కు చేత్తో కొట్టే హైడ్రాలిక్ ట్రాలీలు వచ్చాయి. బస్తాలు పేర్చిన చెక్క దిమ్మె కిందికి తోసి, హ్యాండిల్ నాలుగుసార్లు కొడితే టన్ను బరువు నేలను వదులుతుంది. వీపుల మీద మోత సగం తగ్గింది. వెంటనే యజమాని బస్తా రేటు కూడా తగ్గిస్తానన్నాడు. "మోసేది ట్రాలీ కదా" అన్నది ఆయన వాదన. "ట్రాలీని లాగేది, దాని మీద పేర్చేది, దింపేది ఎవరు?" అన్నది ముఠా మేస్త్రీ వాదన. సంచి గల నాన్న అడిగిన ప్రశ్నే ఇది, మాటలు మాత్రమే వేరు. నాలుగు రోజులు పని ఆగింది. చివరికి రేటు కొంత తగ్గింది. యాభై దాటిన ముగ్గురు పని మానుకోకుండా కొనసాగగలిగారు. కొత్తవాళ్లను మాత్రం తీసుకోవడం లేదు.

మిషన్ వస్తే కూలి పోతుందని మాలో ఇద్దరంటారు. వీపు విరిగే పని ఎంత త్వరగా పోతే అంత మంచిదని మిగిలినవాళ్లమంటాం. 1967లో అంతర్జాతీయ కార్మిక సంస్థ మనుషులు మోయదగ్గ బరువుల మీద ఒక ఒప్పందం చేసింది. దానితోపాటు ఇచ్చిన సిఫార్సులో పెద్దవయసు మగవాడికి కూడా 55 కిలోలు దాటకూడదని ఉంది. మా నాన్నలు 75 కిలోలు మోసింది దాని తర్వాతే. కాగితం మీద బరువు తగ్గినంత మాత్రాన వీపు మీద తగ్గదని మాకు తెలుసు. అందుకే మేము ఏడుగురం ఒప్పుకున్న మాట ఇది. మిషన్ రావాలి. కానీ అది ఎత్తిన బరువులో కూలీకి దక్కాల్సిన వాటా అడిగే చదువు మన పిల్లలకు ఉండాలి. లెక్క తెలిసినవాణ్ణి బస్తా రేటు దగ్గర ఎవరూ మోసం చేయలేరు.

ఈ సంవత్సరం హాస్టల్‌కు మా బ్యాచ్ తరఫున ఒక కొత్త రబ్బరు సంచి, మూడు మీటర్ల లెవెల్ పైపు, చిన్నా పెద్దా సిరంజిలు ఒక డజను పంపిస్తున్నాం. సిరంజిలతో చేసేవాళ్లు రెండు విషయాలు చూసుకోండి. సూదులు వాడొద్దు. లోపల గాలి బుడగ ఒక్కటి కూడా ఉండకూడదు, ఎందుకంటే గాలి నలిగిపోతుంది, నీళ్లు నలగవు, మన తోపంతా ఆ బుడగే మింగేస్తుంది. ఒక సెంటీమీటరు వ్యాసం సిరంజితో తోసి మూడు సెంటీమీటర్ల సిరంజి మీద ఎంత లేస్తుందో కొలవండి. లెక్క ప్రకారం తొమ్మిది రెట్లు రావాలి, రాపిడి వల్ల కాస్త తక్కువ వస్తుంది. ఎంత తక్కువ వచ్చిందో, ఎందుకు వచ్చిందో నోటు పుస్తకంలో రాయండి. మార్కులు దానికే.

సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఆ లెక్కను అమ్మకూ నాన్నకూ చూపించండి. వాళ్లు ఏదైనా ప్రశ్న అడిగితే నవ్వకండి. రాసుకుని మాస్టారి దగ్గరికి తీసుకెళ్లండి.

– మీ అన్నలు,
2004 పదో తరగతి బ్యాచ్